ప్రస్థానం పెట్టె

మిర్యాలగూడ,
9 జనవరి 1994

అక్కయ్యకు, బావకు ప్రభాకర్ నమస్కారాలు.

అక్కయ్యా, ఈ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదవకు. కూర మీద మూత పెట్టి, మంట తగ్గించి, వచ్చి కూర్చో. కూర్చున్నావా? ఈ వేసవి సెలవుల్లో మనం సింగపూర్ పోతున్నాం.

నాకు మతి బాగానే ఉంది. సూర్యాపేట బస్టాండు దగ్గర పౌలు అని ఒకాయన కొత్తగా ట్రావెల్స్ ఆఫీసు పెట్టాడు. మా రైసు మిల్లర్లలో నాలుగు కుటుంబాలు, సూర్యాపేట వాళ్ళు కొందరు కలిసి ఒక జట్టుగా పోవడానికి ఆయన ఏర్పాటు చేస్తున్నాడు. బస్సు సూర్యాపేటలో బయలుదేరి, కోదాడలో మనల్ని ఎక్కించుకుని బెజవాడ పోతుంది. అక్కడ రైలు, మద్రాసులో విమానం. మన ఇంటి తరఫున అయిదుగురం: నేను, సుమిత్ర, పిల్లలు స్వప్న, వంశీ, తర్వాత నువ్వు.

ఆ చివరి పేరు చూసి కళ్ళజోడు తుడుచుకుంటున్నావని నాకు తెలుసు. సరిగానే చదివావు. మీ ఇల్లు హైవే పక్కన ఉండడం మన చుట్టాలకు వరమైంది గాని నీకు కాదు. తిరుపతి పోయేవాళ్ళు, బెజవాడ దవాఖానకు పోయేవాళ్ళు, పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు అందరూ నీ ఇంట్లోనే దిగుతారు. సంచులు పడేస్తారు, తింటారు, సద్ది కట్టించుకుని పోతారు. ముప్పై ఏళ్ళుగా నువ్వు గుమ్మంలో నిలబడి అందరికీ చెయ్యి ఊపుతూనే ఉన్నావు. నువ్వు బస్సులో కూర్చుంటే మేం కింద నిలబడి చెయ్యి ఊపిన రోజు ఒక్కటీ నాకు గుర్తు లేదు. ఈ సంగతి తట్టిన దగ్గర్నుంచి నాకు సిగ్గుగా ఉంది.

బావను పోయిన నెల పెళ్ళిలోనే అడిగాను. "నేను ఇమానం ఎక్కనయ్యా. చిలుకూరు పొలం ఎవడు సూస్తడు? మీ అక్కను తీస్కపో, నాకు జర నిమ్మళముంటది" అన్నాడు. కాబట్టి ఆయన సాకు చెప్పకు.

పాస్‌పోర్టు ఫారం ఇందులోనే పెడుతున్నాను. పైగా అక్కడ మన తిండి దొరకదంటున్నారు. నువ్వుంటే పప్పుచారుకు కరువుండదు కదా!

నీ తమ్ముడు,
ప్రభాకర్

* * *

కోదాడ,
17 జనవరి 1994

తమ్ముడు ప్రభాకర్‌ను అక్క లక్ష్మీకాంతమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం, గేదె తప్ప. అది పాలు ఎగ్గొట్టి నాలుగు రోజులైంది.

మొన్న ఎదురింటి బక్కమ్మ వాళ్ళ ఫోనుకు చేసి నన్ను పిలవమన్నావట. నేను పోలేదు. వాళ్ళింటిల్లిపాదీ చుట్టూ నిలబడి వింటుంటే నాకు నోట మాట రాదు. నాకు ఉత్తరమే మేలు, కోపం వస్తే చింపి మళ్ళీ రాసుకోవచ్చు.

ఇక సింగపూర్ సంగతి. ఆడబిడ్డను వెంటేసుకుని విదేశాలు పోయే కాపురం నేనెక్కడా చూడలేదు. సుమిత్ర ఏమంటోంది? నీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు. పప్పుచారు కోసమే అయితే ఒక వంటమనిషిని తీసుకుపో. నాకంటే బాగా వండుతుంది, నీకు ఎదురు కూడా మాట్లాడదు.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను గాని, అక్కడ పెరుగు దొరుకుతుందా? విమానంలో చెప్పులు విడిచి కూర్చోవాలా? కిటికీ పక్కన వంశీ కూర్చుంటే మిగతావాళ్ళకు బయట ఏమైనా కనిపిస్తుందా? మీ బావకు చెప్పడానికి అడుగుతున్నాను, అంతే.

ఫారంలో పుట్టిన తేదీకి ఒక గడి ఉంది. మన తూర్పు బావి తవ్విన ఏడు, నీళ్ళు పడిన మర్నాడు పుట్టానని అమ్మ చెప్పేది. అదంతా ఆ గడిలో పట్టదు. అందుకని ఖాళీగా వదిలేసి, కింద సంతకం మాత్రం పెట్టాను. సంతకం పెట్టానంటే వస్తానని కాదు. చూద్దాం.

అక్క

* * *

మిర్యాలగూడ,
2 ఫిబ్రవరి 1994

అక్కయ్యకు నమస్కారాలు.

నీ "చూద్దాం" అంటే "సరే" అని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. జాతరకు తీసుకుపొమ్మని ఏడిస్తే "చూద్దాం" అనేదానివి, మర్నాడు పొద్దున్నే తల దువ్వేదానివి.

నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాను. ఇకనుంచి నువ్వు పుట్టింది 1938 జూలై ఒకటో తారీకున. బావి తవ్వింది ఏ నెలలో అని నోటరీ అడిగితే, నీళ్ళు పడ్డాయి కాబట్టి వానాకాలమే అయి ఉంటుందని చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు.

సుమిత్ర ఏమంటోందని అడిగావు. ఏమంటుంది, సూట్‌కేసులు చూసే పనిలో ఉంది. నల్లవి కావాలట, నేను ఎర్రవి అంటున్నాను. ఇంట్లో ప్రస్తుతం యుద్ధం దాని మీదే.

నీ తమ్ముడు,
ప్రభాకర్

* * *

కోదాడ,
28 ఏప్రిల్ 1994

తమ్ముడికి అక్క దీవెనలు.

పాస్‌పోర్టు వచ్చింది. ఫొటోలో నేను ఎవరినో కొట్టడానికి పోతున్నట్టున్నాను. మీ బావ దాన్ని చూసి, "నలభయ్యేండ్ల సంది నేను సూస్తున్న మొకం ఇదే" అన్నాడు.

అంతకు ముందు జరిగిన తమాషా నీకు రాయలేదు. పోలీసు ఎంక్వైరీకి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. జీపు మా ఇంటి ముందు ఆగగానే ఎదురింటి బక్కమ్మ, "అయ్యో, లక్ష్మీకాంతమ్మ మొగుణ్ణి పట్కపోతున్రు!" అని వీధంతా వినబడేటట్టు అరిచింది. ఆ కానిస్టేబుల్ పాపం నెమ్మదస్తుడు. "అమ్మా, మీ మీద ఏమన్న కేసులున్నయా?" అని అడిగాడు. "నా మీద లేవు నాయినా, మా ఆయన మీద నేను పెట్టాల్సినయి నాలుగున్నయి" అన్నాను. నవ్వలేక చచ్చాడు. మజ్జిగ తాగి, సంతకం పెట్టించుకుని పోయాడు.

అదంతా పక్కన పెట్టు. ప్రయాణం మే ఇరవై నాలుగు అని రాశావు. క్యాలెండరు చూశాను. మంగళవారం! మంగళవారం పూట పిల్లలను తీసుకుని సముద్రాలు దాటుతావా? పౌలుకు వారాల పట్టింపు లేకపోవచ్చు, మనకుంది. తేదీ మార్చడం కుదరదంటే ప్రస్థానం పెట్టండి. మంచి రోజు చూసి ఒక పెట్టె సర్ది, ఇంట్లోంచి బయటికి పంపి, వేరేవాళ్ళ ఇంట్లో పెట్టించాలి. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. తర్వాత మంగళవారం కదిలినా దోషం లేదు, దారిలో పెట్టె అందుకుని పోవచ్చు. ఒక్కటే నియమం: మీరు కదిలేదాకా ఆ పెట్టె తెరవకూడదు, అది తిరిగి మీ గడప తొక్కకూడదు. తిరిగొచ్చిందంటే ప్రయాణం మానుకున్నట్టే.

పంతులుగారిని అడిగి రోజు రాయి. నేనూ అదే రోజు చూసుకుంటాను.

ఇంతకీ సుమిత్ర ఒక్క ముక్కయినా రాయలేదు. రాయాలని ఏమీ లేదులే.

అక్క

* * *

మిర్యాలగూడ,
14 మే 1994

అక్కయ్యకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎవరైనా అక్క మాట ఇంత చక్కగా వింటారా చెప్పు! రేపు పంచమి, ఆదివారం, పొద్దున పదిలోపల పెట్టె గడప దాటాలన్నాడు పంతులు. పయనం తూర్పు దిక్కుకు కాబట్టి పెట్టె కూడా తూర్పున ఉన్న ఇంట్లోనే ఉండాలట. మాకు తూర్పున మీ కోదాడ ఇల్లు ఉండగా ఇంకెవరి ఇల్లు వెతకాలి? బస్సు కూడా అక్కడే ఆగుతుంది. ఒకే దెబ్బకు రెండు పనులు. మా గుమస్తా లింగయ్య చేతికి ఇచ్చి పొద్దున్నే బస్సుకు పంపుతున్నాను.

సుమిత్ర, పిల్లలు ఆత్మకూరులో వాళ్ళ చిన్నాన్న ఇంట్లో పెళ్ళికి పోయారు. పెట్టె నేనే సర్దాను. మా నలుగురివీ ఒక్కో జత బట్టలు, నా లుంగీ, కొత్త ఆవకాయ సీసా పెట్టాను. ఆవకాయ ఎందుకంటావేమో, ప్రస్థానంలో ప్రయాణానికి ముఖ్యమైన వస్తువే పెట్టాలన్నాడు పంతులు.

నీ తమ్ముడు,
ప్రభాకర్

* * *

కోదాడ,
15 మే 1994

తమ్ముడికి,

పెట్టె అందింది. దేవుడి గదిలో పెట్టాను. దాని గురించి మీరు దిగులు పెట్టుకోవద్దు. మంగళవారం పొద్దున బస్సు మా ఇంటి ముందు ఆగగానే చేతికి అందిస్తాను.

సద్ది కట్టి ఉంచుతాను. ఎంతమందికో రాయి.

లింగయ్య అన్నం తిని బయలుదేరుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

అక్క

* * *

మిర్యాలగూడ,
18 మే 1994

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం నాలుగు ముక్కలే ఉంది. ఎండలు ముదిరాయి, రాయడానికి బద్ధకమేసిందని అనుకున్నాను. సద్ది ఎంతమందికి అని అడుగుతావేం? అయిదుగురికి. నీ కడుపు నువ్వే మరిచిపోతే ఎట్లా? పులిహోర చెయ్యి, బెజవాడ దాకా వస్తుంది. చీరలు ఎక్కువ సర్దకు. చెప్పులు విడవక్కర్లేదు, పౌలును అడిగాను.

ఇంతవరకు రాసి భోజనానికి లేచాను. ఇప్పుడే పౌలు ఫోన్ చేశాడు.

అక్కయ్యా, ఏమిటిది? మొన్న బావ ట్రాక్టరు సామానుకు సూర్యాపేట పోయి, నీ పేరు తీసెయ్యమని పౌలుకు చెప్పాడట. "మా యింటామె రాదట, నన్నడగకు, నాకేం దెల్వదు" అన్నాడట. ఎదురుచూస్తున్న వాళ్ళున్నారని ఆ సీటు పౌలు వెంటనే సూర్యాపేట గాజుల వ్యాపారి అత్తగారికి ఇచ్చేశాడు.

నోటరీ చుట్టూ, పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగింది నేను. మాతో రావడం ఇష్టం లేకపోతే జనవరిలోనే చెప్పొచ్చు కదా! నాతో చెప్పకుండా పౌలుకు చెప్పించావు. నేను పరాయివాణ్ణయ్యానా? నాకు చాలా కోపంగా ఉంది. చింపి మళ్ళీ రాసే ఓపిక కూడా లేదు.

ప్రభాకర్

* * *

కోదాడ,
19 మే 1994

తమ్ముడికి అక్క దీవెనలు.

నువ్వు పంపిన ఉత్తరం పొద్దున బస్సు డ్రైవరు తెచ్చిచ్చాడు. కోపమొస్తే నీ అక్షరాలు చిన్నప్పటి లాగే పైకి ఎగబాకుతాయి. నేను కోపంగా లేను. నాకు బాధ కూడా లేదు. బాధపడడానికి ఇందులో ఏముంది?

ఎవరి చోటు ఏదో నీ పెట్టె వచ్చి చెప్పింది. నాకు తెలివి తక్కువేం కాదు, అర్థమైంది. పోయేవాళ్ళు పోతారు, ఉండేవాళ్ళు ఉంటారు. సుమిత్రకు ఇష్టం లేకపోతే నేనేమీ అనుకోను. ఆమె సంసారం, ఆమె సరదా. నోటితో చెప్పలేక ఇట్లా చెప్పారు, అదీ ఒక మర్యాదే.

పెట్టె కింద చీమలు బారులు తీరాయి. నీ ఆవకాయ నూనె కారుతున్నట్టుంది. తెరవకూడదు కాబట్టి చుట్టూ పసుపు చల్లాను. కాపలా ఉండడం నాకు కొత్త కాదు.

అక్క

* * *

మిర్యాలగూడ,
20 మే 1994

అక్కయ్యకు సాష్టాంగ నమస్కారాలు. సాష్టాంగమే.

నిన్న సాయంత్రం సుమిత్ర ఆత్మకూరు నుంచి దిగింది. చెప్పులు విడవకముందే నీ మీద ఫిర్యాదు చేశాను, నీ రెండు ఉత్తరాలూ చేతికిచ్చాను. చదివి నుదురు కొట్టుకుంది.

"పెట్టె వదినోళ్ళింట్ల పెట్టించిన్రా? ఎవరన్న అట్ల పెడ్తరా? పయనం పోనోళ్ళ ఇంట్లనే గదా ప్రస్థానం పెట్టేది! మనం పోతున్నం, నువ్వు గీన్నే ఉండి కాపలా ఉండు అని పెట్టెతోని చెప్పి పంపిన్రు మీరు. ఇగ ఆమె ఎట్ల వస్తది?"

ఇంత వయసొచ్చింది, నాకు ఆ సంగతి తట్టనే లేదు. దిక్కు చూశాను, రోజు చూశాను, బస్సు ఆగే చోటు చూశాను. నువ్వూ మాతోపాటు కదలాల్సిన మనిషివని, నీ ఇల్లు దానికి పనికిరాదని మాత్రం చూడలేదు. ముప్పై ఏళ్ళుగా ఏ సంచి ఉన్నా నీ ఇంట్లో దించడం అలవాటైపోయింది. నేను కూడా అదే చేశాను. సిగ్గుగా ఉందని జనవరిలో రాశాను, మే నెలలో అదే పని చేశాను.

ఇందులో సుమిత్ర తప్పు ఆవగింజంత కూడా లేదు. ఆమె జనవరి నుంచీ నీకు ఉత్తరం రాస్తానంటోంది. "నేను రాసేటప్పుడు నీ తరఫున కూడా రాస్తున్నాలే" అని ఆపింది నేనే. రాసింది ఏమిటో నీకు తెలుసు, సూట్‌కేసుల రంగు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. పౌలుతో రెండుసార్లు మాట్లాడాను. గాజుల వ్యాపారి అత్తగారు కదలదట. ఆవిడ అప్పుడే ప్రస్థానం కూడా పెట్టించిందట, ఇక ఆవిడను ఆపడం దేవుడి తరం కూడా కాదు. అందుకని నా సీటు నీ పేరుకు మార్పించాను. వీసా కాగితాల్లోంచి నీ పేరు ఇంకా తీయలేదట, అది అదృష్టం. బక్కమ్మ వాళ్ళ ఫోనుకు చేసి బావతో మాట్లాడాను, రేపు నీ పాస్‌పోర్టు తీసుకుని సూర్యాపేట పోతాడు. ఆయనను ఆపకు.

నా గురించి ఆలోచించకు. రబీ ధాన్యం మిల్లులో గుట్టలుగా పడి ఉంది, సర్కారుకు ఇవ్వాల్సిన లెవీ బియ్యానికి లారీలు వస్తున్నాయి. ఎట్లాగూ ఇక్కడ ఒకరు ఉండాలి. నా లుంగీ మాత్రం ప్రయాణం మొదలుపెట్టేసింది కాబట్టి అది మీతో వస్తుంది. అది చూసిన సింగపూరే నేను చూసినట్టు అనుకుంటాను.

నీ తమ్ముడు,
ప్రభాకర్

* * *

కోదాడ,
22 మే 1994

తమ్ముడికి అక్క దీవెనలు.

నీకు పిచ్చి పట్టిందా? నీ పెళ్ళాం పిల్లలతో నువ్వు పోవాల్సిన చోట నీ సీటులో నేను కూర్చుంటానా? అందరూ నన్నేమంటారు? నేను రాను. నిన్న మీ బావను ఆపుదామంటే నేను నిద్ర లేచేసరికే పాస్‌పోర్టు జేబులో వేసుకుని పోయాడు. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఏ పనికీ ఇంత తొందరగా లేవలేదు. నువ్వు పౌలుకు ఫోన్ చేసి మళ్ళీ నీ పేరే

ఈ వాక్యం సగంలో ఉండగా గుమ్మం ముందు ఆటో ఆగింది. సుమిత్ర, ఇద్దరు పిల్లలు, నాలుగు నల్ల సూట్‌కేసులు దిగాయి. యుద్ధంలో ఎవరు గెలిచారో తెలిసింది.

నేను మంచినీళ్ళిచ్చాను, ఆమె తాగింది. తర్వాత కూర్చుని, "వదినా, మీరు రాకుంటే నేను గూడ పోను" అంది. "వాడి సీటమ్మా అది" అన్నాను. "ఆయనతోని పోతే ఏడు దినాలు ఆయన కండ్లద్దాలు, ఆయన మందు గోలీలు యెతుకుడే సరిపోతది నాకు. పరేషాన్ జేస్తడు. మీతోనైతే జర సింగపూర్ సూస్త" అంది.

నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. ఆ తర్వాత ఇద్దరం కాస్త ఏడ్చాం, అది నీకు అనవసరం. నాలుగు నెలలు నేను ఆమె గురించి ఏవేవో ఊహించుకున్నాను. ఆమేమో, వదినకు మాతో రావడం నామోషీ కాబోలు అనుకుందట. మధ్యలో నువ్వున్నావు, సూట్‌కేసుల రంగు రాసుకుంటూ.

మంగళవారం పొద్దున ఏడింటికి బస్సు. నువ్వు రావద్దులే, మిల్లు చూసుకో. వస్తానంటే మాత్రం టిఫిను చేసి ఉంచుతాను.

అక్క

* * *

సింగపూర్,
28 మే 1994

తమ్ముడు ప్రభాకర్‌కు అక్క దీవెనలు.

మేం నలుగురం క్షేమం. ఇక్కడ తమిళుల వీధి ఒకటుంది, పెరుగు దొరుకుతోంది, మల్లెపూలు కూడా. నేను ఇంతవరకు పొయ్యి ముట్టుకోలేదు. వేళకు ఎవరో వండినది తెచ్చి ముందు పెడుతుంటే మొదటి రెండు రోజులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు, ఇప్పుడు అలవాటైంది. తిరిగొచ్చాక మీ బావ పని పట్టాలి.

విమానం లేచేటప్పుడు సుమిత్ర నా చెయ్యి పట్టుకుంది. ధైర్యం చెప్పడానికి అనుకున్నాను. చూస్తే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. వంశీ నిద్రపోయాడు, కిటికీ నాకొచ్చింది. కింద మబ్బులు చూశాను. చాలాసేపు చూశాను.

మద్రాసులో పెట్టె తెరిచాం. ఆవకాయ నూనె అంతా నీ లుంగీయే తాగింది. ఇక్కడ ఉతికి హోటల్ కిటికీకి ఆరేస్తే పౌలు పరుగెత్తుకొచ్చి తీయించాడు. ఈ ఊళ్ళో అట్లా ఆరేస్తే జరిమానా వేస్తారట.

మంగళవారం నువ్వు వచ్చి నిలబడ్డావు. బస్సు కదిలాక బావ పక్కన నిలబడి, మూలమలుపు దాకా చెయ్యి ఊపుతూనే ఉన్నావు. కింద నుంచి ఊపడమే గాని, కిటికీలోంచి చూస్తే ఎట్లా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. నాకు నీ ముఖమే కనిపించింది, మిగతాదంతా మసకేసింది.

ఒక మాట నీకు చెప్పాలి. ఇంటికొచ్చాక నోటితో చెప్పలేను, అందుకే ఇంత దూరం నుంచి రాస్తున్నాను. నీ పెట్టె వచ్చిన ఆదివారం, లింగయ్య రాకముందే, పొద్దున ఏడింటికి నేను స్నానం చేసి, రెండు చీరలు, దువ్వెన, పాస్‌పోర్టు ఫొటో మిగిలిన కాపీ ఒక గుడ్డసంచిలో పెట్టి, బక్కమ్మ ఇంట్లో దించి వచ్చాను. నా ప్రస్థానం అది. ఎవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా. రెండు గంటల తర్వాత నీ పెట్టె మా గుమ్మంలో దిగింది.

పేరు తీసెయ్యమని పౌలుకు కబురు పంపాను. మీ అందరి మీద కోపం పెంచుకున్నాను. బాధ లేదని నీకు రాశాను. అన్నీ చేశాను గాని, ఆ సంచిని మాత్రం వెనక్కి తెచ్చుకోలేదు. "తెచ్చుకపో లక్ష్మీకాంతమ్మా, ఇంట్ల అడ్డమైతుంది" అని బక్కమ్మ రోజూ అనేది. రేపు, రేపు అన్నాను.

నాకు రావాలని ఉండింది, తమ్ముడూ. చాలా ఉండింది.

అక్క